బండి నడిపింది నేనే

నవంబర్ 3

ఊళ్లో ఎవరికి ఏమైనా ముందు ఆశా కార్యకర్తకే కబురు వస్తుంది. పొద్దు గూకుతుండగా కొమురవ్వ మనిషిని పంపింది, వాళ్లాయన ముత్తయ్య కల్వర్టు పక్కన పడి ఉన్నాడని. స్కూటీ మీద పోయాను. ఆయన సైకిల్ ముందు చక్రం రొట్టె మడిచినట్టు వంగి ఉంది. తల వెనక రక్తం గడ్డ కట్టింది. గడ్డ కట్టిందంటే దెబ్బ తగిలి చాలాసేపైంది. కాలు తొడ దగ్గర విరిగింది. ఎవరూ కదిలించవద్దని చెప్పి 108కు ఫోన్ చేశాను. కొమురవ్వ ఏడవలేదు. కొంగుతో ఆయన నోట్లో మట్టి తుడుస్తూ కూర్చుంది. వ్యాన్ వచ్చేలోపు ఆయన ఏదో చెప్పబోయాడు. నన్ను చూసి ఊరుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా అబ్బాయి అరుణ్ పెరట్లో తన బండి కడుగుతున్నాడు. దుమ్ము పట్టిందట.

వాడు అన్నం తినలేదు. కడుపులో బాగా లేదన్నాడు. జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చాను.

నవంబర్ 4

బండి ముందు మడ్‌గార్డ్ పగిలి ఉంది. అడగలేదు.

నవంబర్ 5

అరుణే చెప్పాడు. నేను అడగకముందే చెప్పాడు.

ముత్తయ్య తాత కల్వర్టు దగ్గర సైకిల్‌ను ఒక్కసారి అడ్డం తిప్పాడట. వీడు బ్రేకు వేస్తే బండి జారి, బండితో పాటు తానూ రోడ్డు మీద పడ్డాడట. లేచి పోయి చూస్తే తాత కూర్చుని ఉన్నాడట. ఏం కాలేదు, నువ్వు పో బిడ్డా అన్నాడట. అందుకే ఇంటికి వచ్చాడట. నీకు దెబ్బలు తగల్లేదా అంటే ఫుల్ హ్యాండ్స్ అంగీ వేసుకున్నాను కదా అన్నాడు.

వాడు ఆగాడు. పదిహేడేళ్ల పిల్లవాడు, భయపడి కూడా ఆగి చూశాడు. ఇది రాసి పెట్టుకోవాలి.

నవంబర్ 6

రాంచందర్ బావ వచ్చాడు. మా ఆయనకు అన్న, ఊరికి ఒకప్పటి సర్పంచ్. ఆయనకు చెప్పక తప్పలేదు. బండిని పత్తి కొట్టంలో పెట్టి మీద పరదా కప్పించాడు.

దసరాకు కొన్న బండి. ఆ రోజు షోరూంలో ఉన్న అమ్మాయి మంచిమాటే చెప్పింది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు వంద సీసీ బండి చాలు, సీటు ఎత్తు తక్కువ, బరువు తక్కువ, కాళ్లు రెండూ నేలకు ఆనుతాయి, చెయ్యి కుదిరాక పెద్దది తీసుకోండి అంది. అరుణ్ తండ్రి మస్కట్ నుంచి వీడియో కాల్‌లో ఉన్నాడు. ఊళ్లో ఎవరికీ లేని బండి కావాలన్నాడు. రెండు వందల సీసీది తీసుకున్నాం. అరుణ్‌కు పద్దెనిమిది నిండలేదు కాబట్టి నా పేరు మీద రాయించాం. వాడికి లైసెన్స్ రాదు కదా అంటే బావ నవ్వాడు. ఇంట్లో నీకుంది కదా, రేషన్ కార్డు లాగే, ఒకరి పేరు మీద ఉంటే ఇంటిల్లిపాదీ తింటారు అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

నా లైసెన్స్ స్కూటీ కోసం తీసుకున్నది. ఏజెంటు ఎందుకైనా మంచిదని గేర్ల బండికి కూడా కలిపి రాయించాడు. కార్డు చేతికి వచ్చాక చూసుకున్నాను. గేర్ల బండి మీద నేను ఎన్నడూ వెనక తప్ప ముందు కూర్చోలేదు.

నవంబర్ 9

జిల్లా ఆస్పత్రికి పోయి వచ్చాను. ముత్తయ్యకు తెలివి లేదు. మెదడులో రక్తం చేరిందట. ఇంకాస్త ముందు తీసుకొస్తే బాగుండేదని డాక్టర్ అన్నాడు. డాక్టర్లు అందరికీ అదే అంటారు.

ఆస్పత్రి పోలీసులు కొమురవ్వను అడిగితే ఏ బండి గుద్దిందో తెలియదని చెప్పిందట. అలాగే రాసుకున్నారు. ఆమెకు తెలియదు. తెలిస్తే చెప్పేది కదా. నేను తీసుకుపోయిన పండ్లు తీసుకుని మంచం కింద పెట్టింది.

నవంబర్ 12

పత్తి ఏరడానికి కూలీలు దొరకలేదు. ఎండ బాగా ఉంది.

నవంబర్ 14

ముత్తయ్య చనిపోయాడు.

నవంబర్ 15

మట్టి అయిపోయాక బావ వాళ్ల వాకిట్లో కూర్చున్నాం. బావ, కొమురవ్వ, ఆమె తమ్ముడు, నేను. అరుణ్‌ను రానివ్వలేదు.

బావ నిన్ననే ఎవరో వకీలును అడిగి వచ్చాడు. గుద్దింది మా అరుణే అని కొమురవ్వ ముందే ఒప్పుకుని, విషయం పొలం పంచినట్టు చెప్పాడు. పిల్లవాడు నడిపాడని రాస్తే లైసెన్స్ లేదు కాబట్టి ఇన్సూరెన్స్ కంపెనీ అడ్డం తిరుగుతుంది. ఒకవేళ కోర్టు ఇప్పించినా తర్వాత బండి ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గర వసూలు చేస్తుంది. మైనరుకు బండి ఇచ్చినందుకు నా మీద ఎలాగూ కేసు పడుతుంది. అరుణ్‌కు ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. అదే లైసెన్స్ ఉన్న మనిషి నడిపిందంటే కొమురవ్వకు కంపెనీ ఇస్తుంది, పిల్లవాడి పేరు ఎక్కడా రాదు.

లైసెన్స్ ఉన్న మనిషి అన్నప్పుడు ఎవరూ నా వైపు చూడలేదు. చూడకపోవడంలోనే తెలిసింది.

“108కు ఫోన్ గూడ నీదాంట్లకెల్లే పోయింది గద నవనీతా,” అన్నాడు బావ. “దేవుడు రాసినట్టే ఉన్నది. గుద్దిన, ఆగిన, లేపి కూసోబెట్టిన, నేనే ఫోన్ జేసిన, భయపడి పేరు జెప్పలే అను. గంతే.”

కొమురవ్వ తమ్ముడు అడిగాడు. “ఎస్సై గా బండి నడిపి సూపియ్యమంటే?”

“నేర్సుకుంటది. దినాలు అయినంక పోదామని నేను ఠాణల జెప్పి పెడ్త.”

కొమురవ్వను అడిగారు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. “నాకేం తెల్వది. మీరెట్లంటే గట్ల,” అంది. కాసేపటికి మళ్లీ అంది, “నాకు గా పైసలు గావాలె. ఇగ జేసిపెట్టేటోడు లేడు.”

అందులో తప్పేమీ లేదు.

అరుణ్ తండ్రి ఫోన్ చేశాడు. బావ ముందే చెప్పినట్టున్నాడు. “వానికి ముంగట బతుకున్నది. నువ్వేడికి పోయేదున్నది?” అన్నాడు. డ్యూటీ టైమైందని పెట్టేశాడు.

నవంబర్ 17

సోయా కోసిన చేను ఖాళీగా ఉంది, శనగ ఇంకా వేయలేదు. అరుణ్ పొద్దున్నే బండిని అక్కడికి తీసుకుపోయాడు. ఎవరైనా అడిగితే ఆశా డ్యూటీ కోసం పెద్ద బండి నేర్చుకుంటున్నానని చెప్పమన్నాడు బావ.

సీటు నా నడుము ఎత్తుంది. ఎక్కి కూర్చుంటే మునివేళ్లు మాత్రమే ఆనుతాయి. స్కూటీకి ఎడమ చేతిలో బ్రేకు. దీనికి ఎడమ చేతిలో క్లచ్చు, ఎడమ కాలికి గేరు, కుడి కాలికి ఒక బ్రేకు, కుడి చేతికి ఒక బ్రేకు. నాలుగు చోట్ల నాలుగు పనులు. క్లచ్చు వదలగానే బండి ఎగిరి ఆగిపోతుంది.

“అవ్వా, జర మెల్లగ ఇడువు. కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలె.”

“నువ్వు కోడిపిల్లను ఎప్పుడు పట్టుకున్నవురా?”

నవ్వాడు. మొన్నటి నుంచి మొదటిసారి. వాడు బాగా నేర్పుతాడు. విసుక్కోడు. వెనక కూర్చుని నా చేతుల మీద చేతులు పెట్టి రెండు సార్లు చేను చుట్టూ తిప్పాడు. చిన్నప్పుడు బలపం పట్టించినప్పుడు నేను అలాగే కూర్చున్నాను.

సంతోషంగా ఉంది. రాయకూడదు గానీ ఉంది.

నవంబర్ 18

రెండో గేరు వచ్చింది. ఆగడం ఇంకా రావడం లేదు.

నవంబర్ 19

బ్రేకులు బాగున్నాయి. ముందు బ్రేకు రెండు వేళ్లతో నొక్కితే చాలు. చక్రం జారదు. అలా జారకుండా ఏదో మిషన్ ఉందట, అరుణ్ గొప్పగా చెప్పాడు. చెప్పి వెంటనే మాట మార్చాడు. ఎందుకు మార్చాడో నేను ఆలోచించలేదు.

నవంబర్ 20

పడ్డాను. గట్టు దగ్గర తిప్పబోయి కాలు ఆనక, బండి ఎడమ పక్కకు ఒరిగింది. ఆపలేకపోయాను. మోకాలు చెక్కుకుపోయింది. అరుణ్ ఉరికి వచ్చాడు. ఇద్దరం కలిసి బండి లేపాం. ఎంత బరువో అప్పుడు తెలిసింది.

వాడు ముందు బండి చూశాడు. హ్యాండిల్ చివర అరిగింది, క్లచ్చు పిడి వంగింది, ట్యాంకు మీద జానెడు గీత పడింది.

“అరే, గీత పడ్డది. గిప్పటిదాక ఒక్క గీత లేకుండె,” అన్నాడు.

తర్వాత నా మోకాలు చూసి మందు పెడదాం పద అన్నాడు.

ఇంటికి వచ్చి బెండకాయ వండాను.

నవంబర్ 21

పరదా తీసి బండికి రెండో పక్క చూశాను. అద్దంలా ఉంది. హ్యాండిల్ చివర నలుపు కూడా పోలేదు.

మెత్తటి చేలో, నిలబడ్డ చోటనే ఒరిగితే అంత గీత పడింది. తారు రోడ్డు మీద జారి పడ్డదంటే ఎంత ఉండాలి.

బండి పడలేదు.

నవంబర్ 22

బావ వచ్చి గీతలు చూశాడు. వేలితో తడిమి, “మంచిదే అయింది, పడ్డట్టే కనవడ్తున్నది,” అన్నాడు. తుడవవద్దని చెప్పి పోయాడు.

నవంబర్ 23

ఆదివారం. పొద్దున్నే చేనుకు పోయేటప్పుడు కల్వర్టు దగ్గర ఆపమన్నాను. అరుణ్ ఆపాడు, దిగలేదు. ఇంజను బంద్ చేయలేదు.

“ఆగినవా నువ్వు?” అని అడిగాను.

“ఆగిన అని జెప్పిన గద.”

“తాత ఏమన్నడు?”

“ఏం గాలే పో అన్నడు.”

ముఖం తిప్పలేదు. క్లచ్చు నొక్కుతూ వదులుతూ ఉన్నాడు. ఇంకేమైనా అడిగితే చెప్పేవాడేమో. వెనక పత్తి ట్రాక్టరు హారన్ కొట్టింది. పోదాం పద అన్నాను.

మూడో గేరులో చేను చుట్టూ తిరిగాను. పడలేదు. అరుణ్ చప్పట్లు కొట్టాడు.

నవంబర్ 25

రేపు పోవాలి. బావ వచ్చి నాలుగు మాటలూ మళ్లీ చెప్పించుకున్నాడు. గుద్దిన, ఆగిన, లేపి కూసోబెట్టిన, ఫోన్ జేసిన. చిన్నపిల్లలకు ఎక్కం చెప్పించినట్టు. సరిగ్గా చెప్పాను.

నవంబర్ 27

నిన్న రాయలేకపోయాను.

బండిని బావ నడుపుకుంటూ తీసుకుపోయాడు. నేను, అరుణ్ ఆటోలో పోయాం. అరుణ్‌ను వద్దన్నా వచ్చాడు. కొమురవ్వ, తమ్ముడు అప్పటికే ఠాణా వరండాలో ఉన్నారు.

ఎస్సై చిన్న వయసువాడే. నా లైసెన్స్ అటూ ఇటూ తిప్పి చూశాడు. బండి చూశాడు, నా ఎత్తు చూశాడు. ఇంత బండి మీరు నడుపుతారా అన్నాడు. నడుపుతానన్నాను. అయితే ఇక్కడే ఒక చుట్టు తిప్పండి అన్నాడు.

ఠాణా ముందు జాగా మా చేలో ఒక మూలంత కూడా లేదు. కేసులో పట్టుకున్న లారీ ఒకటి అడ్డంగా ఉంది. చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కాను. మునివేళ్లు ఆనించాను. క్లచ్చు మెల్లగా వదిలాను. బండి కదిలింది. లారీ వెనక నుంచి తిప్పి తెచ్చి మెట్ల ముందు ఆపాను. ముందు కాలు పెట్టాలా, ముందు బ్రేకు వేయాలా అన్నది ఆలోచించకుండానే కుదిరింది. కానిస్టేబుల్ ఒకడు శభాష్ అన్నాడు. బావ మీసం తుడుచుకున్నాడు.

లోపల కూర్చోబెట్టి రాసుకోవడం మొదలుపెట్టారు. అరుణ్ వరండాలో కిటికీ పక్కనే నిలబడ్డాడు. కొమురవ్వ నా పక్క బెంచీ మీద ఉంది.

“జెప్పుండ్రి అమ్మా. గుద్దినంక ఏం జేసిండ్రు?”

నాలుగు మాటలూ నోట్లోనే ఉన్నాయి. మొదటిది చెప్పాను. గుద్దిన అన్నాను. రెండోది రాలేదు.

“ఆగలే,” అన్నాను.

ఎస్సై రాయడం ఆపాడు. బావ దగ్గాడు.

“108కు మీరే ఫోన్ జేసిండ్రు గద?”

“అది ఎనకసిరి. కొమురవ్వ కబురు పంపినంక. మొదలు ఆగలే సార్. బ్రేకు గూడ వెయ్యలే. ఎనకకు మల్లి సూడలే. ఆయన కల్వర్టు పక్కన పడి ఉన్నడు, నేను ఇంటికి పోయిన. పెరట్ల బండి కడిగిన.”

“భయంతో ఏమేమో అంటున్నది సార్,” అన్నాడు బావ.

ఎస్సై ఆయన్ని బయటికి పొమ్మన్నాడు. నన్ను మళ్లీ అడిగాడు. అమ్మా, ఇట్లా రాస్తే కేసు గట్టిపడుతుంది, తెలుసా అన్నాడు. తెలుసన్నాను. బండి నడిపింది మీరేనా అని కూడా అడిగాడు. ఆ మాట అడిగేటప్పుడు కిటికీ వైపు చూశాడు.

“నడిపింది నేనే,” అన్నాను.

రాసుకున్నాడు. చదివి వినిపించాడు. సంతకం చేశాను. కిటికీ దగ్గర అరుణ్ లేడు.

పిలిచినప్పుడల్లా రావాలని నోటీసు ఇచ్చి పొద్దుగూకాక పంపించారు. లైసెన్స్ ఉంచుకున్నారు. బండి అక్కడే ఉంది.

నవంబర్ 28

బావ రెండు రోజులుగా మా గడప తొక్కలేదు. వాకిట్లో నుంచే అరిచి పోయాడు. చెప్పిన మాట చెప్పడానికి ఏం రోగం, ఆగినా ఆగకున్నా ముసలోడు లేచి వస్తాడా అని. ఇన్సూరెన్స్‌కు దానివల్ల అడ్డం లేదని వకీలు చెప్పాడట. జైలుకు మాత్రం దగ్గరైందట.

అరుణ్ తండ్రి ఫోన్ చేయలేదు.

అరుణ్ నా ఎదుట అన్నం తినడం లేదు. ప్లేటు పట్టుకుని పెరట్లోకి పోతున్నాడు.

డిసెంబర్ 2

పీహెచ్‌సీ నుంచి ఫోన్ వచ్చింది. కేసు తేలేదాకా పనికి రావద్దన్నారు. మందుల సంచి, బరువు చూసే మిషను ఇచ్చి వచ్చాను. లైసెన్స్ లేదు కాబట్టి స్కూటీ తీయలేదు. నడిచే పోయాను.

బోరింగు దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపారు. దాటాక ఒకామె అంది, “గోలీలిచ్చేటామెనే తొక్కి పోయింది, ఇగ ఎవ్వల నమ్ముతం.” ఆమె కాన్పుకు రాత్రంతా ఆస్పత్రిలో ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నది నేను.

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఊరికి తెలిసింది అదే.

డిసెంబర్ 9

కొమురవ్వ బీపీ గోలీలు ఈపాటికి అయిపోయి ఉంటాయి. నా బదులు ఇంకా ఎవరినీ వేయలేదు. మందుల షాపులో కొని పట్టుకుపోయాను. తలుపు దగ్గరే నిలబడ్డాను.

రమ్మంది. చాప వేసింది. గోలీలు తీసుకుని డబ్బాలో వేసుకుంది. ఆమె కందులు చెరుగుతూ ఉంది.

“ఠాణల ఒక్క ముచ్చట నిజం జెప్పినవు,” అంది చివరికి.

చాటలో నుంచి ఒక రాయి ఏరి పారేసింది.

“నేను పోయేసరికి మాటున్నది ఆయనకు. నీకు కబురు పంపేటాల్లకే జెప్పిండు, మీ పిలగాడు అని. గుద్దుడు గాదు, గుద్దినోడు ఆగకుంట పోయిండే అని గదే అన్నడు. ఎన్నిసార్లు అన్నడో. దావఖానల తెలివి తప్పేదాక గదే.”

“మల్ల ఎందుకు జెప్పలే అవ్వా?”

“జెప్తే ఏమొస్తది? నువ్వస్తివి, ఫోన్ జేస్తివి. ఆయన నీ మొకం సూసి ఊకున్నడు. నేనూ ఊకున్న.”

చెరిగిన కందులు చాటలో నుంచి సంచిలోకి పోసింది. ఒక సోలెడు నా కొంగులో పోసింది. వద్దన్నా వినలేదు.

ఇంటికి వచ్చాక అరుణ్‌కు చెప్పాలనుకున్నాను. వాడు ఫోన్ చూస్తూ పడుకున్నాడు. చెప్పలేదు. పప్పు చేశాను.

డిసెంబర్ 21

ఏమీ లేదు.

జనవరి 4

కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ఫిబ్రవరిలో పోవాలి.

జనవరి 11

అరుణ్‌కు పద్దెనిమిది నిండాయి. వాళ్ల నాన్న పొద్దున్నే ఫోన్ చేసి వాడితో మాట్లాడాడు. నాతో మాట్లాడలేదు. బావ కేకు తెప్పించాడు, తనే వచ్చి కోయించాడు. ఇక దొంగతనంగా నడిపే పని లేదు, దర్జాగా లెర్నింగ్ లైసెన్స్ తీసుకో అని వీపు మీద చరిచాడు. ఈసారి ముందు చిన్న బండి కొనిద్దామన్నాడు. ఆ మాటైతే బాగుంది.

జనవరి 19

అరుణ్‌కు రేపు లెర్నింగ్ లైసెన్స్ పరీక్ష. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారట. ఫోన్‌లో ప్రశ్నలన్నీ ఉన్నాయి. మాపటికి అన్నం తిన్నాక ఫోన్ తెచ్చి నా చేతికిచ్చాడు. ఠాణా నుంచి వచ్చిన తర్వాత వాడంతట వాడు నా దగ్గరికి వచ్చి కూర్చోవడం ఇదే మొదటిసారి.

“సదువు అవ్వా. నేను జెప్త.”

చదివాను. మూలమలుపు దగ్గర ఓవర్‌టేక్ చేయవచ్చా, చేయకూడదు. పసుపు లైటు వెలిగితే ఏం చేయాలి, నెమ్మదించి ఆగాలి. లెర్నింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లు వెనక ఎవరినైనా ఎక్కించుకోవచ్చా, నేర్పేవాళ్లను తప్ప ఎక్కించుకోకూడదు. టకటకా చెబుతున్నాడు. కళ్లు మూసుకుని, గోడకు ఆనుకుని, మోకాలు ఊపుతూ. వాడికి తెలివి ఉంది. ఎప్పుడూ ఉంది.

తర్వాతి ప్రశ్న: మీ వాహనం తగిలి ఒక మనిషి గాయపడితే మీరు ఏం చేయాలి?

నేను మూడు జవాబులూ చదవాలి. ఒకటి, బండిని ఇంటికి తీసుకుపోవాలి. రెండు, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపాలి. మూడోది సగం కూడా చదవలేదు.

“మూడోది,” అన్నాడు. “బండి ఆపాలె. గాయపడ్డోన్ని దావఖానకు తీస్కపోవాలె. ఠాణల జెప్పాలె.”

ఫోన్ వెలుగు ఆరిపోయింది. వేలు పెట్టి మళ్లీ వెలిగించాను. వాడు కళ్లు తెరిచాడు.

“కరెక్టే గద?”

మోకాలు ఊపడం ఆపలేదు.

“కరెక్టే,” అన్నాను.

తర్వాతి ప్రశ్న చదవమన్నాడు.